పత్తి మిల్లులో బి.బి. కింగ్: డెల్టాలో మూడు రోజులు

ముందుగా ఒక సలహా. అమెరికాలో పత్తి పండే మిసిసిపీ డెల్టాలో ఏ లాడ్జిలో దిగినా, పెట్టె కింద పెట్టకముందే గదిని నాలుగు మూలలా ఫోటోలు తీసుకోండి. మేము తీసుకోబట్టి 150 డాలర్లు దక్కాయి.

అక్టోబరులో నేను, మా ఆయన, గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న కలిసి వెళ్లాం. మా ఆయన పదిహేనేళ్లుగా గిటార్ వాయిస్తారు, అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటల గాయకుడు, గిటార్ విద్వాంసుడు బి.బి. కింగ్ అంటే ప్రాణం. నాన్న 71 ఏళ్ల రైతు. జీవితమంతా పత్తి వేశారు కానీ గిటార్‌ను దగ్గరగా కూడా చూడలేదు. మొదటి రోజంతా నాన్న మొహంలో కళ లేదు.

ఆ రోజు మెంఫిస్‌లో బీల్ స్ట్రీట్ చూశాం. 1940ల చివర్లో కింగ్ ఈ ఊళ్లోనే డబ్ల్యూడీఐఏ రేడియోలో పాటలు వేస్తూ ‘బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్’గా పేరు తెచ్చుకున్నాడు. అదే కుదించుకుపోయి బి.బి. అయింది. ఇప్పుడక్కడ కారు నిలపడానికి 30 డాలర్లు, ఒక హోటల్లో పాట వినడానికి తలకు 15 చొప్పున 45. చెవులు పగిలే మోత. నాన్న అరగంటకే లేచి బయట నిలబడ్డారు. నా మాట వింటే పగటిపూట ఆ వీధి ఒకసారి నడిచి చూడండి, చాలు.

61వ నంబరు రోడ్డు మీద క్లార్క్స్‌డేల్ వైపు దిగాక నాన్న కిటికీ దించారు. రెండు వైపులా కనుచూపు మేర తెల్లగా పగిలిన పత్తి. మనుషులు లేరు. యంత్రాలే తీసి, ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి కట్టలుగా చేల గట్టున వదిలేస్తున్నాయి. “తీత కూలీలు ఒక్కరూ లేరేమమ్మా?” అని నాలుగుసార్లు అడిగారు. ఒకచోట కారు ఆపించి, రోడ్డు వారకు కొట్టుకొచ్చిన దూది తీసి, వేళ్ల మధ్య సాగదీసి పింజ చూశారు. బాగుందనీ చెప్పలేదు, బాగాలేదనీ చెప్పలేదు. జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రి దిగిందే నేను చెప్పిన లాడ్జి, ఒక చిన్న ఊరి బయట. గది 84 డాలర్లు, పన్నులతో 95 దాటింది. పొగ తాగని గది కావాలని ముందే అడిగాను. తలుపు తీయగానే పాత సిగరెట్ కంపు, దుప్పటికి కాలిన చిల్లులు. నాన్నకు ఉబ్బసం. వేరే గది లేదన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. కిటికీ తెరుచుకోమన్నారు, అదేమో తెరుచుకునే కిటికీ కాదు. నాన్న రాత్రి ఒంటిగంట వరకు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన పక్కన కూర్చుని నేను పడిన బాధ చెప్పలేను. ఇంటికి చేరిన నాలుగో రోజు, గదిలో పొగ తాగినందుకు శుభ్రం చేసే ఖర్చంటూ మా కార్డు మీద 150 డాలర్లు వేశారు! ఫోటోలు పంపితే బ్యాంకు మూడు వారాలకు తిరిగి ఇప్పించింది.

ఇంత జరిగినా, మర్నాడు చూసిన ఇండియనోలా అనే ఊరి కోసం మళ్లీ వెళ్తాను.

2008లో తెరిచిన బి.బి. కింగ్ మ్యూజియాన్ని ఒక పాత ఇటుకల జిన్నింగు మిల్లును కలుపుకుని కట్టారు. కింగ్ కుర్రతనంలో పనిచేసిన మిల్లు అది. లోపలికి అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయారు. “ఇది మన మిల్లే కదమ్మా” అన్నారు. అప్పటినుంచి ప్రతి బోర్డూ నా చేత చదివించుకున్నారు. 1925లో ఇట్టా బెనా దగ్గర కౌలు కూలీల ఇంట పుట్టుక, చిన్నప్పుడే తల్లి పోవడం, పత్తి తీయడం, ట్రాక్టరు తోలడం. 1946లో ఒకరోజు ట్రాక్టరు ఆపి దిగాక అది ఎగిరి ముందుకు దూకింది, పొగగొట్టం విరిగింది. యజమానికి భయపడి కుర్రాడు మెంఫిస్ పారిపోయాడు. తరువాత తిరిగొచ్చి పనిచేసి ఆ అప్పు తీర్చాడు. “అప్పు తీర్చడానికి వచ్చాడా!” అని నాన్న ఆ ఒక్క మాటా రెండుసార్లు చదివించుకున్నారు.

మా ఆయన మాత్రం గిటార్ల దగ్గరే ఉండిపోయారు. 1949 చలికాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో, కింగ్ వాయిస్తున్న నాట్యశాలలో ఇద్దరు కొట్టుకుంటూ, వెచ్చదనానికి పెట్టిన కిరోసిన్ మండే పీపాను తన్నేశారు. మంటలు లేచాయి. బయటపడ్డ కింగ్ గిటార్ కోసం మళ్లీ లోపలికి పరుగెత్తాడు. ఆ గొడవ లూసిల్ అనే స్త్రీ కోసమని మర్నాడు తెలిసి, అలాంటి తెలివితక్కువ పని మళ్లీ చేయకూడదని గిటార్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ తరువాతి గిటార్లన్నీ లూసిల్‌లే. 1956 ఒక్క ఏడాదిలోనే 342 కచేరీలు చేశాడు. పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. బంధువు బుక్కా వైట్ తీగ మీద గొట్టం జార్చి పలికించే నాదం తనకు చేతకాక, ఎడమచేతి వేలితో తీగను లాగి, వణికించి పలికించాడు. నాన్నకు అర్థం కావాలని “వీణ మీద గమకం లాగా, మామయ్యా” అన్నారు మా ఆయన. హెడ్‌ఫోన్ పెట్టుకుని నాన్న కళ్లు మూసుకున్నారు. మూడు గంటలు గడిచాయి. నాలుగు కేటాయించుకోండి.

2015లో పోయిన కింగ్‌ను ఈ మ్యూజియం ఆవరణలోనే పాతిపెట్టారు. అక్కడ ఎవరూ తొందరపెట్టరు.

తిండి విషయంలో డెల్టా మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మసాలా మాంసాన్ని మొక్కజొన్న పిండిలో పెట్టి, పొత్తు పైరేకుల్లో చుట్టి, కారపు నీళ్లలో ఉడికించే టమాలీలు ఇక్కడి ప్రత్యేకం. రోడ్డు పక్కన డజను 14 డాలర్లు. నాన్న ఏడు తిన్నారు. అమెరికా వచ్చిన ఆరు వారాల్లో కారం తగిలిన తిండి ఇదొక్కటే అన్నారు.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో నాన్నే కూర్చున్నారు. కారు ఊరు దాటకముందే అల్లుడి వైపు తిరిగి, “ఆ ట్రాక్టరు అబ్బాయి పాట పెట్టు బాబూ” అన్నారు.