ఇంట్లో మాయాబజార్: క్యాసెట్ నుంచి కలర్ దాకా

మాయాబజార్‌ని క్యాసెట్‌లో చూశాను, వీసీడీలో చూశాను, డీవీడీలో చూశాను, కలర్‌లో చూశాను, ఇప్పుడు నెట్‌లో చూస్తున్నాను. ఏళ్ళ తరబడి ఇలా చూస్తూ వచ్చాక నాకు అర్థమైంది ఒకటే. 1957లో కె.వి.రెడ్డి గారు తీసి హాళ్ళకు పంపిన సినిమా వేరు, మన ఇళ్ళకు చేరిన సినిమాలు వేరు. ఏది చూడమంటారని అడిగేవాళ్ళకి నా మాట ముందే చెప్పేస్తాను: బొమ్మ మెరుపు చూసి మోసపోకండి, సినిమా పూర్తిగా ఉందో లేదో చూసుకోండి.

నిడివితో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ తికమకపడేది ఇక్కడే. అసలు సినిమా సుమారు 184 నిమిషాలు. నా దగ్గరున్న వీసీడీ సెట్‌లో మూడు డిస్కులూ కలిపితే 177 దగ్గర ఆగిపోతుంది. ఏడు నిమిషాలు కోసేశారని తిట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ దృశ్యం వెంట దృశ్యం పోల్చి చూస్తే ఏదీ పోలేదు. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25. ఆ 24నే 25 లెక్కన తిప్పేస్తే సినిమా నాలుగు శాతం వేగంగా పరిగెత్తి, ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది.

కథకి నష్టం లేదు, గొంతులకు మాత్రం ఉంది. వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది, అర్ధస్వరంలో (హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉండే తేడాలో) సుమారు 70 శాతం. హార్మోనియం దగ్గర పెట్టుకుని ఘంటసాల గారితో పాటు పాడబోతే ఏ మెట్టుకీ అతకదు. ఎస్.వి.రంగారావు గారి గొంతులోని బరువు కాస్త పలచబడుతుంది. రోజూ అదే వింటుంటే అదే అలవాటైపోతుంది, కానీ సరైన వేగంతో ఉన్న కాపీలో ఘటోత్కచుడి నవ్వు ఒక్కసారి విన్నాక మళ్ళీ ఆ వీసీడీ పెట్టబుద్ధి కాలేదు. నా డీవీడీ అమెరికా టీవీలు వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలోది. అందులో శ్రుతి సరిగ్గా ఉంది, నిడివీ సరిపోయింది. కాకపోతే కెమెరా పక్కకి జరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా ఉలిక్కిపడుతుంది. 24 ఫ్రేముల్ని ఆ టీవీ సెకనుకు చూపే 60 సగం బొమ్మల్లో సర్దడానికి ఒక ఫ్రేముని రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చొప్పున చూపిస్తారు, అందువల్ల. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఉలికిపాటునే ఎంచుకుంటాను.

ఇక కిరీటాల సంగతి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఆ రోజుల్లో సినిమా తెర దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ వెడల్పు 1.78. వెడల్పు టీవీలో నల్ల పట్టీలు కనిపించకూడదని కొన్ని కాపీల్లో పైనా కిందా కోసేశారు. లెక్క వేస్తే ఎత్తులో దాదాపు పావువంతు పోతుంది. పౌరాణికంలో పైన పోయేదేమిటి? కిరీటం! కృష్ణుడు నిలబడి మాట్లాడుతుంటే నుదుటి దగ్గర తెర అయిపోతుంది. కింద పోయేది ఇంకా విలువైనది. వివాహ భోజనంబు పాటలో ఘటోత్కచుడి ముందు పరిచిన గంగాళాలు, పళ్ళేలు, వాటిలోంచి తమంతట తామే లేచి నోట్లోకి వెళ్ళే లడ్డూలు. ఆ ట్రిక్కు అందమంతా పళ్ళెం, లడ్డూ, నోరు మూడూ ఒకే ఫ్రేములో కనబడటంలో ఉంది. పళ్ళెం కోసేస్తే లడ్డూ ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. మార్కస్ బార్‌ట్లే లాంటి కెమెరామన్ అంత కొలిచి పెట్టిన ఫ్రేముని ఎవరో కత్తెర పట్టుకుని సర్దడం నాకు మింగుడుపడదు.

కోయకుండా సాగదీసిన కాపీలూ ఉన్నాయి. వాటిలో చందమామ కోడిగుడ్డులా ఉంటాడు.

చందమామ అన్నాను కాబట్టి లాహిరి లాహిరి దగ్గర కాసేపు ఆగాలి. ఏ కాపీ అయినా నేను ముందు పెట్టి చూసేది ఈ పాటే. బార్‌ట్లే వెన్నెల అంటే తెలుగువాళ్ళకి ఒక పేరు. ఆ వెన్నెలంతా నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే బూడిదరంగు ఛాయల్లోనే ఉంది. వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలే, సెకనుకి కేటాయించే డేటా కూడా తక్కువ. నీళ్ళ మీద అలలు కదిలేసరికి ఆ డేటా చాలదు, అలలన్నీ గళ్ళుగళ్ళుగా విడిపోతాయి. పడవ గళ్ళ దుప్పటి మీద పోతున్నట్టే. డీవీడీలో గళ్ళు పోయాయి కానీ కాంట్రాస్ట్ బాగా పెంచేశారు. సావిత్రి గారి ముఖం మీద వెలుగు తెల్లగా మండిపోయి, వెనక చెట్లు నల్లగా కలిసిపోయాయి. ఆ తర్వాత నేను చూసిన ఒక హెచ్‌డీ కాపీలో ఛాయలన్నీ చక్కగా ఉన్నాయి, తీరా గరుకు తీసేస్తామని ఫిల్మ్ రేణువులన్నీ తుడిచేశారు. రేణువులతో పాటు చర్మం, జుట్టు, నగల పనితనం కూడా తుడుచుకుపోయాయి. ముఖాలు మైనంతో చేసినట్టున్నాయి. అహ నా పెళ్ళియంటలో సావిత్రి గారు శశిరేఖ నుంచి ఘటోత్కచుడిగా మారిపోయేది కనుబొమ్మల్లో, పెదవి విరుపులో. ఆ పాటని మైనం ముఖంతో చూడటం కంటే కాస్త గీతలు పడ్డ ప్రింటులో చూడటమే నయం.

కలర్ సంగతి అందరూ అడుగుతారు. 2010 జనవరిలో కలర్ రూపం హాళ్ళలో విడుదలైంది, ధ్వనిని కూడా చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వినిపించే డీటీఎస్‌లోకి మార్చారు. జనం బాగా ఆదరించారు, నేనూ ఇష్టంగానే చూశాను. నలుపు తెలుపు అనగానే లేచి వెళ్ళిపోయే పిల్లలు కదలకుండా కూర్చుని చూశారు, అది చిన్న విషయం కాదు. కష్టపడి చేశారని చీరల అంచులు చూస్తేనే తెలుస్తుంది. అయినా రెండు విషయాల్లో నాకు మనసొప్పలేదు. ఒకటి, వెన్నెలకి నీలం పూశారు. బార్‌ట్లే దీపాలతో మాత్రమే చెప్పిన మాటని రంగు ఇంకోసారి చెబుతున్నట్టుంది. రెండోది పెద్దది. నిడివి తగ్గించడానికి కొన్ని పాటలు, చాలా పద్యాలు తీసేశారు. పద్యం తీసేసిన పౌరాణికంలో పాత్రలు మాట్లాడతాయి గానీ ఎదగవు. కోపం పెరిగి పెరిగి రాగంలోకి వెళ్ళాల్సిన చోట సీను తెగిపోతుంది. ఈ సినిమాని మొదటిసారి కలర్‌లోనే చూసినవాళ్ళకి అక్కడ పద్యం ఉండేదని కూడా తెలియదు.

ధ్వని గురించి ఎక్కువ చెప్పను. అసలు మోనో ట్రాక్, ఒక్క స్పీకర్ నుంచి రావాల్సిందే. వెనక బుస్సుమనే శబ్దం తీసేయడానికి మరీ గట్టిగా వడపోస్తే స, శ అక్షరాలు మొద్దుబారతాయి. పింగళి గారి మాటల్లో ఒక్కో అక్షరం విరుపు వినబడాలి. "శశిరేఖ" అన్న పిలుపు స్పష్టంగా వినిపిస్తే ట్రాక్ బాగున్నట్టే, నేను అలాగే పరీక్షిస్తాను.

ప్రస్తుతం నేను చూసేది నలుపు తెలుపు పూర్తి నిడివి కాపీ, నెట్‌లో. కొత్తగా చూడబోయేవాళ్ళు మూడు గంటలు దాటిందో లేదో ముందు చూడండి, తర్వాత పక్కన నల్ల పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. పట్టీలు ఉంటేనే బొమ్మ పూర్తిగా ఉన్నట్టు. టీవీ సెట్టింగ్స్‌లో జూమ్ తీసేసి, కదలికని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మాయాబజార్ కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. పిల్లలకైతే కలర్‌లో వివాహ భోజనంబు చూపించి, వాళ్ళు అడిగాక అసలుది పెట్టండి. మా ఇంట్లో అది పనిచేసింది.