కార్బన్ స్టీల్ వోక్: కొన్నేళ్లు వాడాక

ఇంట్లో శాకాహార చైనీస్ వంట చేద్దామనుకునేవాళ్లు ఒకే ఒక్క పాత్ర కొనాలంటే కార్బన్ స్టీల్ వోక్, అంటే చైనా వంటల్లో వాడే వంపు అంచుల ఉక్కు మూకుడు, కొనుక్కోమని గట్టిగా చెబుతాను. కొన్నేళ్లుగా నా స్టవ్ మీద ఎక్కువగా ఉండేది అదే. నాది 35 సెంటీమీటర్ల వెడల్పు, చదును అడుగు, పొడవాటి చెక్క పిడి. గుండ్రటి అడుగు వోక్ చైనా పొయ్యిల గుంటలో కుదురుగా కూర్చుంటుంది గానీ, మామూలు స్టవ్ మీద ఊగుతుంది. ఇండక్షన్ అయితే చదునుదే తీసుకోవాలి.

నాన్‌స్టిక్ ఉండగా ఇది ఎందుకంటే, వేడి కోసం. నాన్‌స్టిక్ పూత దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది. ఈ వంటకు వోక్ సన్నగా పొగ వచ్చేదాకా కాగాలి. కార్బన్ స్టీల్‌కి ఆ వేడి లెక్కలోది కాదు. కొత్తలో మాత్రం కొంచెం శ్రమ ఉంటుంది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో వేసిన పూతను వేడినీళ్లు, సబ్బుతో బాగా తోమి వదిలించాలి. తర్వాత లోహం నీలం రంగుకు తిరిగేదాకా కాల్చి, పల్చగా నూనె పట్టించి, పొగ వచ్చేదాకా మళ్లీ కాల్చాలి. నూనె గట్టి పొరలా అంటుకుపోతుంది. దాన్నే సీజనింగ్ అంటారు. కిటికీలన్నీ తీసి పెట్టుకోండి.

అసలు సంగతి కూరగాయల నీళ్లలో ఉంది. పుట్టగొడుగులు, బోక్ చోయ్ లాంటి ఆకుకూరల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. హోటల్ వంటగదిలో మంట ఇంటి స్టవ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ నీళ్లు పుట్టినవి పుట్టినట్టే ఆవిరైపోతాయి. ఇంట్లో కూరలన్నీ ఒకేసారి వేస్తే చప్పుడు ఆగిపోతుంది, అడుగున నీళ్లు ఊరతాయి, వేగాల్సినవి ఉడుకుతాయి. అందుకే నేను రెండేసి గుప్పెళ్లే వేస్తాను. బీన్స్ వేస్తే పైతోలు బుడగలెక్కి, ముడతలు పడి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు రావాలి. రాగానే పళ్లెంలోకి తీసి, వోక్ మళ్లీ కాగాక తర్వాతి విడత. ఆఖరున అన్నీ కలిపి సాస్ పోసి అర నిమిషం తిప్పితే చాలు. ఇది ఇంటి స్టవ్ కోసం కనిపెట్టిన అడ్డదారి కూడా కాదు. ఈశాన్య చైనాలో బంగాళదుంప, వంకాయ, క్యాప్సికంతో చేసే దీ సాన్ షియెన్‌లో మూడింటినీ విడివిడిగా వేయించాకే కలుపుతారు. మాంసం ఊసే లేని ఆ కూర నాకు చాలా ఇష్టం. దక్షిణ చైనాలోని కాంటనీస్ వంటవాళ్లు వోక్ హేయ్ అనే ఆ కాలిన పొగ వాసన ఇంట్లో పూర్తిగా రాదు. ఇలా విడతలుగా చేస్తే మాత్రం దాని ఛాయ తప్పకుండా తగులుతుంది.

టోఫుకి, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటి దానికి, వోక్ వంపు భలే కలిసొస్తుంది. చైనాలోని చెంగ్‌డూ నగరం వంటకం, కారంగా ఉండే మాపో టోఫునే తీసుకోండి. ముక్కల్ని ఉప్పు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచితే కాస్త గట్టిపడతాయి. డౌబాన్‌జ్యాంగ్, అంటే చిక్కుడు గింజలు, మిరపకాయలు పులియబెట్టి చేసే ముద్ద, నూనెలో సన్నని మంట మీద ఎర్రగా తేలేదాకా వేయించాలి. మామూలుగా ఇందులో వేసే కీమా బదులు ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టి సన్నగా తరిగి వేస్తాను. నానిన నీళ్లు అస్సలు పారబోయకండి, స్టాక్ అదే. షిటాకేలోని గ్వానిలేట్, సోయా సాస్‌లోని గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాలు కలిస్తే రుచి విడివిడిగా ఉన్నదానికంటే ఎంతో పెరుగుతుంది. మాంసం లేని లోటు నాకైతే తెలియలేదు. టోఫు వేశాక గరిటె వెనక వైపుతో మెల్లగా నెట్టండి, కలపకండి. కార్న్‌ఫ్లోర్ నీళ్లు రెండు మూడు విడతలుగా పోసి, దించేముందు సిచువాన్ మిరియాల పొడి చల్లితే నాలుక జివ్వుమంటుంది.

సాసులు కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఆయిస్టర్ సాస్ ఆల్చిప్పల సారంతో చేసేది, పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం వేరే దొరుకుతుంది. చేపరుచి వంకాయ అనే యూషియాంగ్ కూరలో చేప ఉండదు గానీ, చాలాచోట్ల పంది కీమా వేస్తారు. వెల్లుల్లి, ఉల్లి తిననివాళ్లకూ చైనా వంటలో లోటు లేదు. బౌద్ధ ఆశ్రమాల వంటలో అవి రెండూ ఉండవు. కాగిన నూనెలో అల్లం వేస్తేనే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది.

ఇక లోపాలు. పులుపు దీనికి పడదు. టమాటాలు ఎక్కువసేపు మగ్గబెడితే సీజనింగ్ లేచిపోయి, కూరకి ఇనుము రుచి వస్తుంది. నల్ల వెనిగర్ ఆఖర్లో అంచు వెంట ఒక చెంచా పోస్తే ఏమీ కాదు. గంటల తరబడి నీళ్లు మరిగించినా పొర పోతుంది కాబట్టి, ఆవిరి వంటలకు వేరే గిన్నె వాడతాను. కడిగి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. వెంటనే స్టవ్ మీద ఆరబెట్టి, చుక్క నూనె రాయాల్సిందే. పిడి మర కూడా వదులవుతుంటుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి.

ఇంట్లో మనుషులు ఎక్కువని పెద్ద సైజు కొనకండి. ఇంటి స్టవ్ మంట దాని అంచుల దాకా చేరదు, బరువుకి చెయ్యి లాగేస్తుంది. ఈ సైజులోనే ఇంకో విడత వేయించుకోండి.