గీత చూపించాడు, ఆడబిడ్డ సంగతి చెప్పలేదు

కర్నూలులో ఇల్లు కొనేటప్పుడు బ్రోకర్ని నమ్మొచ్చా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒకే బ్రోకర్‌తో ఆరేళ్లకు పైగా వేగినవాణ్ణి కాబట్టి రాస్తున్నా. 2019 మొదట్లో మా ఇల్లు ఇప్పించిందీ, తర్వాత పైవాటాలోకి అద్దెకు మనుషుల్ని తెచ్చిందీ ఆయనే. పేరు చెప్పను. కొన్న కొత్తలో మాత్రం కనబడ్డ ప్రతివాడికీ ఆయన నంబరే ఇచ్చేవాణ్ణి.

దానికి కారణం గోడ మీద ఒక గీత. ఇల్లు పాతబస్తీలో, హంద్రీ నదికి దగ్గర్లో. అంతకుముందు ఇద్దరు బ్రోకర్లు అదే చుట్టుపక్కల ఇళ్లు చూపిస్తూ "ఈ వీధిలోకి చుక్క నీళ్లు రాలే సార్" అని ప్రమాణాలు చేశారు. కర్నూలోళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేసిన సంగతి. మా బ్రోకర్ ఏం చేశాడంటే, నేనడక్కుండానే వంటగదిలో గోడ బీరువా తెరిచి, స్టీలు గిన్నెలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టి, వెనక గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద రంగు చార చూపించాడు. "నీళ్లు ఇంతకాడికి వచ్చినాయి సార్. ఓనరు ఇల్లంతా సున్నం కొట్టించినాడు గానీ బీరువా లోపల మర్చిపోయినాడు. రేపు ఇంకెవరో చెప్తే నన్ను తిట్టుకుంటారు, ఇప్పుడే చూసుకోండి." పక్కనే ఉన్న ఓనరు మొహం చూడాలి. ఆ చార పుణ్యమా అని లక్షన్నర తగ్గి 31 లక్షలకు బేరం కుదిరింది.

ఆ చార చూశాక నా బుర్ర పనిచేయడం మానేసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నా. ముప్పై ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఆయనే తీయించాడు, క్లీన్‌గా ఉంది. వకీలునీ ఆయనే చూపించాడు, ఐదు వేలు తీసుకుని 'క్లియర్' అని రాసిచ్చాడు. డోన్ దగ్గర పొలం అమ్మిన డబ్బు చేతిలో ఉంది, బ్యాంకు గుమ్మం ఎక్కే పని లేదు. ఇల్లు అమ్మే తల్లీ ఇద్దరు కొడుకులూ వచ్చి సంతకాలు పెట్టారు, అయిపోయింది.

2020 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, యాభై దాటిన ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. లోపలికి చూసి మొదట అడిగిన మాట "యాపచెట్టు కొట్టేసినారా?" అని. ఇల్లు తప్పి వచ్చిందేమో అనుకుని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చా. గ్లాసు కింద పెట్టి, గొంతు పెంచకుండానే, "ఇది మా నాయన కట్టిన ఇల్లు. అందరి సంతకాలూ ఉన్నాయంట, నాది యాడుంది?" అంది. మా ఆవిడ వంటింట్లోంచి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆవిడ అడిగింది న్యాయమే. ఇల్లు తండ్రి స్వార్జితం, వీలునామా రాయకుండా పోయాడు. అలాంటప్పుడు భార్యతో, కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా. "పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అని అన్నదమ్ములు నోటితో అన్నారే గానీ కాగితం ముక్క లేదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, చనిపోయినాయనకి ఎంతమంది పిల్లలో అందులో ఎందుకుంటుంది? అది తెలియాలంటే తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూడాలి. అడగాలని నాకు తెలియదు, తెలిసినవాళ్లు అడగలేదు. తర్వాత మా ఆఫీసులో ఒకాయన ఇలాంటి ఇంటికే లోన్ పెడితే, బ్యాంకు వకీలు ముందుగా అడిగింది అదే కాగితం.

ఆవిడ అప్పుడే ఎందుకొచ్చిందంటే, జనవరిలో మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో పాసైంది, కర్నూలు న్యాయ రాజధాని అన్నారు, టీ బంకుల్లో కూడా గజం రేట్ల గొడవే. ఆ మాటలు విని నేనూ లోపల్లోపల మురిసినవాణ్ణే. నంద్యాలలో ఉన్న ఆవిడ చెవిన కూడా పడ్డాయి.

బ్రోకర్‌కి ఫోన్ చేసి "ఆయమ్మ ఉందని నీకు తెలుసా" అనడిగా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉందని తెలుసు సార్. సెటిల్ అయిందని వాళ్లు చెప్తే నమ్మినా."

ఆ మాట మీద చాలా రోజులు నిద్ర పట్టలేదు. గిన్నెలు తీసి మరీ చార చూపించిన మనిషి ఇది ఎలా మింగేశాడు? తర్వాత తట్టింది: చార చూపిస్తే ధర తగ్గుతుంది గానీ బేరం నిలుస్తుంది, పైగా నేను పడిపోతాను. ఆడబిడ్డ ఉందంటే బేరమే ఉండదు. నా దగ్గర ఒక శాతం తీసుకున్నాడు, అమ్మినవాళ్ల దగ్గర రెండు శాతమని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఫోన్ స్విచాఫ్ చేసుకుని మాయమైపోయే రకం కాదు. లాక్‌డౌన్‌కి ముందూ తర్వాతా కలిపి నాలుగుసార్లు నంద్యాల వెళ్లి ఆవిడ ఇంట్లో కూర్చున్నాడు. చివరికి మూడు లక్షలకి ఒప్పుకుని ఆ ఏడాది దసరా ముందు రాటిఫికేషన్ డీడ్ (జరిగిపోయిన అమ్మకానికి తానూ ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టింది. అన్నదమ్ములు రెండు లక్షలు, నేను ఎనభై వేలు, ఆయన జేబులోంచి ఇరవై వేలు. "నా కమీషన్ కరిగిపోయింది సార్" అని నవ్వాడు. రెండు శాతం సంగతి అప్పటికి నాకు తెలియదు కాబట్టి పాపం అనుకున్నా.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబర్ ఉన్న ఏజెంట్ దగ్గరికే వెళ్లమని సలహా ఇస్తుంటారు. 2016 నాటి ఆ చట్టం రిజిస్టరైన లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు అమ్మిపెట్టే ఏజెంట్లకి. నాలాగా చేతులు మారిన పాత ఇల్లు కొనేవాడికి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. అద్దె మనుషుల విషయంలో మాత్రం ఆయన మీద ఫిర్యాదు లేదు, మూడు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి పోయిన ఒకణ్ణి మినహాయిస్తే.

ఇంత జరిగాక కూడా మా బావమరిది కల్లూరు వైపు ఇల్లు చూస్తున్నానంటే ఆయన నంబరే ఇచ్చా. వాడు లోన్ తీసుకుంటున్నాడు, కాగితాలు చూసేది బ్యాంకు వకీలు. నాలాగా నగదుతో కొనేవాడైతే ఇచ్చేవాణ్ణో లేదో. మొన్న తోడు వెళ్లా. బ్రోకర్ యథాప్రకారం పెరట్లో డ్రైనేజీ మూత ఎత్తి, పైపు ఎక్కడ పగిలిందో ఓపిగ్గా చూపిస్తున్నాడు, బావమరిది మొహంలో అప్పుడే గౌరవం కనబడుతోంది. నేను ఓనరు వైపు తిరిగి "మీరు మొత్తం ఎంతమంది సార్, అక్కచెల్లెళ్లతో కలిపి?" అన్నా. బ్రోకర్ వంగినవాడు వంగినట్టే తల తిప్పి నా వైపు చూసి నవ్వాడు.