కంప తీయడానికి జేసీబీయా, గడ్డపార పట్టిన కూలీలా?

ఎండాకాలం మొదలవగానే పరకాల, హుజూరాబాద్ వైపు బంధుమిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: పడావు పడిన చెల్కలో కంప పెరిగింది, జేసీబీని పిలవాలా, కూలీలను పెట్టాలా? ఐదేళ్ళు పడావుగా ఉన్న మా రెండెకరాల చెల్కను నిరుడు బాగు చేయించినప్పుడు ఒక ఎకరం యంత్రంతోనూ, ఒక ఎకరం మనుషులతోనూ తీయించాను కనుక, రెండింటినీ ఒకే నేల మీద పోల్చి చెప్పగలను.

ఖర్చు, వేగం తరువాత చూసుకోవచ్చు. ముందు చూడవలసింది కంప మొదలు, అంటే కాండం అడుగు భాగం. సర్కారు తుమ్మ కాండం వేరుగా మారే చోట, మట్టి లోపల మొగ్గలు దాగి ఉంటాయి. నేల మట్టానికి నరికితే ఒక్క కాండం పోయిన చోట తొలకరికి అయిదారు పిలకలు లేస్తాయి. పరికి, రేగు కంపలదీ ఇదే తీరు. అందువల్ల ఏ పద్ధతిలోనైనా మొదలును జానెడు లోతున తవ్వి, ఆ మొగ్గల కిందికి తెగేటట్టు తీయించాలి.

జేసీబీ ఎకరాన్ని సగం రోజులో ముగించింది. అయితే ముందు వైపు బకెట్‌తో నెట్టిన చోట, ఎండకు బిగుసుకున్న నేలలో కాండాలు మట్టం దగ్గర విరిగాయే తప్ప వేర్లు కదలలేదు; వెనుక బకెట్‌తో తవ్వి పెకలించినవి మాత్రం మళ్ళీ మొలవలేదు. కాబట్టి వెనుక బకెట్‌తోనే తీయాలని ముందే మాట్లాడుకొని, వీలైతే ఒక వాన పడి నేల మెత్తబడ్డాక యంత్రాన్ని పిలవడం మంచిది. దీనికి మించిన నష్టం పైమట్టిది. మన ఎర్ర చెల్కల్లో సారమున్న మట్టి పలుచని పొర మాత్రమే. బకెట్ కంపతో పాటు దానినీ గీరి ఒడ్డున కుప్ప పోసింది. ఆ ఎకరంలో వేసిన కంది మచ్చలు మచ్చలుగా ఎదగడం చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంది.

రెండో ఎకరానికి నలుగురు కూలీలు ఆరు రోజులు పనిచేశారు. పంగల కర్రతో కంపను ఒత్తిపట్టి, గొడ్డలితో కాండం కొట్టి, గడ్డపారతో మొదలు చుట్టూ తవ్వి తీశారు. ఆ ముల్లు చెప్పును చీల్చుకొని కాలిలో దిగుతుంది కనుక బూట్లు, మందపాటి గ్లౌజులు మనమే కొనివ్వడం ధర్మం. వానల తరువాత అక్కడ లేచిన పిలకలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. మట్టి ఎక్కడిదక్కడే ఉంది. మనిషి దూరలేని గుబురైతే జేసీబీ తప్పదు గాని, మిగిలిన చోట నా మొగ్గు గడ్డపార వైపే.

కట్టెల కోసం ఉచితంగా కొట్టుకుపోతామనే వారు మొదలును వదిలేస్తారు. నిప్పు పెడితే పైది కాలి, మొదలు బతుకుతుంది; గట్టు మీది తాటిచెట్లు మాడతాయి. బ్రష్ కట్టర్ గడ్డికీ, లేత పిలకలకూ సరిపోతుంది. 2,4-డి వంటి గడ్డి మందు గాలికి పక్క చేనుకు సోకితే పత్తి ఆకులు ముడుచుకుపోతాయి.

గట్టు మీది వేప, చింత కొమ్మలను కూడా అదే బకెట్‌తో విరిపించవద్దని నా గట్టి విన్నపం, ఎందుకంటే కొమ్మ విరిగినప్పుడు మాను బెరడు చీలి, ఆ గాయంలో నీరు నిలిచి కుళ్ళు పడుతుంది. రంపంతో ముందు కొమ్మకు కింది వైపు గాటు పెట్టి, దానికి కొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించి, చివరగా మిగిలిన మోటును మాను దగ్గరి ఉబ్బుకు తగలకుండా కోయించాలి. చెట్టునే తీసేయదలిస్తే, నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది కనుక, ముందుగా అటవీ శాఖ వారిని అడగడం అవసరం.

తొలకరి తరువాత పాత గింజల నుంచి మొలకలు వస్తాయి. నేల తడిగా ఉండగానే వాటిని వేరుతో పీకించాలి. సర్కారు తుమ్మ కాయలు తిన్న గొర్రెలు, మేకల పెంటలో కొన్ని గింజలు చెడకుండా బయటపడతాయి కనుక, ఎరువు కోసం చెల్కలో మంద పెట్టించే ముందు అవి ఎక్కడ మేసి వచ్చాయో కాపరిని అడిగి తెలుసుకోండి.