ఔట్‌బోర్డ్ మోటారుకు సపోర్ట్ బార్ కొంటున్నారా? "అన్ని మోటార్లకూ సరిపోతుంది" అన్న మాట నమ్మకండి

పడవను ట్రైలర్ మీద తీసుకెళ్లేటప్పుడు, దాని వెనక బిగించి పైకెత్తి ఉంచిన ఔట్‌బోర్డ్ మోటారుకు (పడవను నడిపే ఇంజనుకు) ఆసరాగా నిలబెట్టే సపోర్ట్ బార్ కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా "అన్ని కంపెనీల మోటార్లకూ సరిపోతుంది" అనే వివరణతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న రెండు గొట్టాల బార్‌ను చూస్తున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. నేను కొన్న బార్ ప్రయాణం మధ్యలోనే ఊడిపోయింది. బండి ఆపి చూసేసరికి దాని పై కొన మోటారును వదిలేసి, ఒక్క రబ్బరు పట్టీకి వేలాడుతూ రోడ్డుకు రాసుకుంటోంది. మోటారు భారమంతా దాన్ని పైకెత్తే హైడ్రాలిక్ సిలిండర్ మీదే ఉంది. ఆ పట్టీ కూడా తెగి ఉంటే ఆ ఇనుప గొట్టం వెనక వస్తున్న వాహనం చక్రాల కిందికో, ద్విచక్ర వాహనం మీద వస్తున్న మనిషి మీదికో పోయేది.

ఈ రకం బార్‌లో ఒక గొట్టం మరో గొట్టంలోకి దూరుతుంది. కావలసిన పొడవు దగ్గర రెండింటి రంధ్రాలనూ కలిపి పిన్ను దూర్చాలి. కింది కొన ట్రైలర్ వెనక రోలర్‌కు తగులుకుంటుంది. పై కొనన ఉన్న వి ఆకారపు ఊతం మోటారు కింది భాగాన్ని, అంటే గేర్‌కేస్‌ను, పట్టుకుంటుంది. నేను ఆ పిన్ను తీసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి, అంచున రంగు రాలి లోహం మెరుస్తూ కనిపించింది. గొట్టం గోడ అంత పలుచన. పై ఊతాన్ని గొట్టానికి చుట్టూ వెల్డింగ్ చేయాల్సింది పోయి రెండు చోట్ల మాత్రం అతికి, పైన దట్టంగా రంగు పూశారని గీకి చూస్తే తెలిసింది. మందపాటి రబ్బరు అని వివరణలో రాసింది నిజానికి జిగురుతో అంటించిన పలుచని పొర మాత్రమే. అది ఒక పక్కకు ముడుచుకుపోవడంతో ఇనుప అంచు గేర్‌కేస్ రంగును లోతుగా గీసేసింది.

ఫొటోలు పంపినప్పుడు అమ్మినవారు ఇచ్చిన జవాబు నన్ను ఇంకా కలవరపెట్టింది. ఎగుడుదిగుడు రోడ్ల మీద వాడటం వల్లే అలా జరిగిందని, అయినా మోటారుకే దాన్ని పైకెత్తిన చోట ఆపి ఉంచే టిల్ట్ లాక్ లివర్ ఉంటుంది కనుక బార్ ఊడినా నష్టం లేదని రాశారు. కుదుపులను తట్టుకోవడానికే కొనే వస్తువు కుదుపులకు పాడైందని చెప్పడం ఎంతమాత్రం సమంజసం కాదు. ఇక ఆ రెండో మాట నమ్మినవారికి ఖరీదైన నష్టం తప్పదు. ఆ లివర్ ఉన్నది పడవను నిలిపి ఉంచినప్పుడు, మోటారు మీద ఏదైనా పని చేసుకునేటప్పుడు వాడటానికి. ట్రైలర్ ప్రయాణంలో మోటారును మోయడానికి దాన్ని గానీ, స్విచ్‌తో మోటారును ఎత్తి దించే పవర్ టిల్ట్ హైడ్రాలిక్స్‌ను గానీ నమ్ముకోవద్దని మోటారు మాన్యువళ్లలోనే హెచ్చరిక ఉంటుంది. 150 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ మోటారు ఒక్కటే 200 కిలోలు దాటుతుంది. పైకెత్తినప్పుడు దాని కాలు పొడవుగా వెనక్కి చాచుకుని ఉంటుంది కాబట్టి ప్రతి గుంతలోనూ అది పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపు చిన్న పోత భాగమైన లివర్ మీద, బ్రాకెట్ మీద, చివరికి మోటారును బిగించిన ట్రాన్సమ్ పలక మీద దెబ్బలా పడుతుంది. లోపలి ప్లైవుడ్ అప్పటికే చెమ్మ పట్టి ఉన్న పాత పడవల్లో ఇలాంటి దెబ్బలకే ట్రాన్సమ్ మూలల్లో పగుళ్లు వస్తాయి.

కిందికి దింపినా మోటారు అడుగున ఉండే స్కెగ్ అనే రెక్కకు, నేలకు మధ్య చాలినంత ఎత్తు ఉంటే మోటారును నిలువుగానే ఉంచి తీసుకెళ్లడం అన్నిటికంటే మేలు. అయితే ఆ ఎత్తును చదునైన చోట చూసి సరిపెట్టుకోకూడదు, రైల్వే గేట్ల దగ్గరా, ఏటవాలు దారులు మొదలయ్యే చోటా ట్రైలర్ తోక కిందికి వంగుతుంది. ఎత్తు చాలకపోతేనే బార్ అవసరం. కొనేటప్పుడు మీ మోటారు మోడల్ పేరు, బరువు చెప్పి, ఆ బరువుకు సరిపోతుందని రాతపూర్వకంగా అడగండి. పిన్ను రంధ్రాల దగ్గర గొట్టం మందం, ఊతం చుట్టూ వెల్డింగ్ దగ్గరగా తీసిన ఫొటోల్లో చూపించమనండి, చూపించకపోతే కొనకండి. టిల్ట్ సిలిండర్ రాడ్ మీద బిగించే ఆసరాలు కూడా దొరుకుతాయి. అవి ట్రైలర్‌కు తగలవు కనుక దాని కదలికలు మోటారుకు చేరవు. నా దృష్టిలో అవి మెరుగే, కానీ మోడల్‌ను బట్టి వేరు వేరుగా ఉంటాయి కాబట్టి వాటి విషయంలోనూ "అన్నిటికీ" అన్న మాట చెల్లదు.

ఎంత మంచి బార్ అయినా పడవ వెనక భాగాన్ని ట్రైలర్‌కు స్ట్రాపులతో గట్టిగా బిగించకపోతే ప్రయోజనం ఉండదు. పడవ ఎగిరిన ప్రతిసారీ ట్రైలర్‌కు ఆనుకుని ఉన్న బార్ మోటారును కింది నుంచి పొడుస్తుంది. మోటారును బార్ మీదికి మెల్లగా దించి, గట్టిగా ఆనగానే స్విచ్ వదిలేయాలి. ఇంకా నొక్కితే హైడ్రాలిక్ బలానికి బార్ వంగిపోవచ్చు. మోటారు పక్కలకు ఊగకుండా స్టీరింగ్‌ను కూడా కట్టాలి. నీళ్లలోకి దించేముందు బార్ తీసేశామా లేదా అన్నది తప్పక చూసుకోవాలి.

నాకు ఇంతవరకు డబ్బు తిరిగి రాలేదు, ఆ బార్ అదే వివరణతో ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ఇప్పటికే కొన్నవారు వచ్చే ప్రయాణానికి ముందు ఒక్కసారి పిన్ను బయటికి తీసి రంధ్రం అంచును వేలితో తడిమి చూడండి. సాగినట్టు అనిపిస్తే దాన్ని మళ్లీ వాడకండి, ఆ ఫొటోను అమ్మినవారికి కూడా పంపండి.