చెరువు పక్క వెంచర్ చూసొచ్చాను: రోడ్లకు 5కి 4, బఫర్‌కు సున్నా

మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్ వెళ్లే దారిలో వేసిన ఒక 'లేక్ వ్యూ' వెంచర్ గురించి ఇది. పేరు రాయను. మా చెల్లె కొడుకు అడ్వాన్స్ ఇవ్వబోతూ "మామా, జర నువ్వొకసారి చూసి చెప్పు" అంటే వెళ్లాను. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన వాణ్ని. చెరువు కనిపిస్తే ముందు అలుగు, అంటే నిండినప్పుడు అదనపు నీళ్లు పొర్లిపోయే కట్టడం, ఎక్కడుందో చూస్తాను.

బాగున్నవి ముందు చెప్తాను. రోడ్లు 40 అడుగులవి, 33 అడుగులవి, రోలింగ్ గట్టిగా చేశారు. కరెంటు స్తంభాలు పడ్డాయి. లింకు డాక్యుమెంట్లు అడగ్గానే చేతికిచ్చారు. టీ కూడా బాగుంది.

తేడా అంతా చెరువు వైపు వరుసలో ఉంది. అక్కడి ప్లాట్లకు గజానికి వెయ్యి ఎక్కువ. "రూల్ ప్రకారం 30 మీటర్ల బఫర్ వదిలినం సార్" అని మ్యాపులో పచ్చ పట్టీ చూపించారు. బఫర్ అంటే చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదిలే జాగా. రూల్ నిజమే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. అయితే ఆ కొలత ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) నుంచి మొదలవ్వాలి. వీళ్లు ఎండాకాలంలో నీళ్లు ఆగిన అంచు నుంచి టేపు పట్టారు.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు దుంకే మట్టం. అలుగు మీద కొలత కర్ర నిలబెట్టి ఒక రీడింగ్, ప్లాటు రాయి దగ్గర ఇంకో రీడింగ్ తీస్తే ప్లాటు అలుగు కన్నా పైనుందో కిందుందో తేలిపోతుంది. వాళ్ల సర్వేయర్ మట్టాలు చూసే ఆటో లెవెల్ యంత్రం బిగించుకుని అక్కడే ఉన్నాడు. తీయమంటే "మేనేజర్ సార్ చెప్పాలె" అన్నాడు. మేనేజర్ సార్ ఫోన్ ఎత్తలేదు. సరేనని నేనే నడిచాను. మొదటి వరుస ప్లాట్ల రాళ్లు దాటి పైకి వచ్చాక కూడా తుమ్మచెట్ల మొదళ్లకు మోకాలెత్తున ఎండిన ఒండ్రు గీత, ముళ్లకు చిక్కిన గడ్డీ చెత్తా కనిపించాయి. "నీళ్లు ఇక్కడిదాంక రావు సార్" అని ఏజెంట్ అదే చెట్టు కింద నిలబడి చెప్పాడు!

చెరువు వెనక నేల చదునుగా ఉంటుంది. నూరడుగులకు అడుగు వాలు ఉన్న చోట నీళ్లు మూడడుగులు లేస్తే మూడు వందల అడుగులు వెనక్కి ఎక్కుతాయి. 30 మీటర్లంటే వంద అడుగులు కూడా కాదు.

పచ్చ పట్టీనే పార్కు అన్నారు. బఫర్‌ను ఖాళీ స్థలం లెక్కలో చూపించుకోవడానికి ఆ జీవోనే ఒప్పుకుంటుంది, దాన్ని తప్పు పట్టను. కానీ అందులో కమాను, సిమెంటు బాట వేస్తే వాన నీళ్లు గడ్డిలో వడకట్టుకుని చెరువులోకి దిగే జాగా ఏది? అంతకన్నా ఘోరం, పై చెరువు నుంచి వచ్చే వరద కాలువను పూడ్చి ఒక్క పైపు వేశారు. పైన అలుగు పారిన రోజు ఆ నీళ్లన్నీ ఆ పైపులో పడతాయా? గొలుసుకట్టు చెరువులు చూసిన వాడెవడూ ఆ పని చేయడు.

దీనికి పైనుంచి కాపలా దొరకదు. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనల్లోకి సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు రావు. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి రాదు. అందుకే మా ఊరి గ్రామసభలో ఒక తీర్మానం పెట్టాలని కొందరం తిరుగుతున్నాం. అలుగు మట్టం అంకె లేని లేఅవుట్ మ్యాపును పంచాయతీ ముట్టుకోవద్దు. రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లు కలిసి రాళ్లు పాతాకే బఫర్ కొలవాలి. కాలువ కాలువలాగే ఉండాలి. శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే భూమిలో, పట్టాలున్నవాళ్లు మాత్రం "మా భూమి పోతదా?" అని టెన్షన్ పడుతున్నారు. పోదు. నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టడమే కుదరదు. ఈ ముక్క తీర్మానంలోనే రాయకపోతే సభలో లొల్లి ఖాయం.

రోడ్లకు 5కి 4, చెరువు వైపు వరుసకు సున్నా. మెయిన్ రోడ్డు వైపు ప్లాట్లయితే ఆలోచించవచ్చు. మా మేనల్లుడు అడ్వాన్స్ ఆపాడు. అలుగు రీడింగ్ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే మళ్లీ మాట్లాడతామని చెప్పి వచ్చాం.