నెల్లూరులో 3 నెలల ఏసీ మెకానిక్ కోర్సు, చేసినోడిగా నా రివ్యూ

మాది కోవూరు. 2021లో డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఖాళీగా ఉంటే మా అమ్మ చీటీ పాడి 18 వేలు చేతిలో పెట్టింది, అది కట్టి నెల్లూరులో ఒక ప్రైవేటు సెంటర్లో ఏసీ, ఫ్రిజ్ రిపేరు కోర్సు చేరా. సెంటర్ పేరు రాయట్లేదు, ఆడ నేర్పించిన సార్ నిజంగా మంచోడు, ఆయన పొట్ట కొట్టాలని నాకు లేదు. కానీ ఈ మధ్య మా ఊరి పిల్లోళ్లు ఇద్దరు ముగ్గురు వొచ్చి అన్నా అదే కోర్సులో చేరదామనుకుంటా ఉండాం, ఉద్యోగం గ్యారంటీ అంట గదా అని అడిగారు, అందరికీ ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇట్టా రాస్తే సరిపోద్ది అనిపించింది.

ముందు మంచి చెప్తా. చేతి పని బాగా నేర్పించారు. కాపర్ పైపు కోయడం, ఫ్లేరింగ్ (నట్టు బిగించేదానికి పైపు మూతి విప్పేది), స్వేజింగ్ (ఒక పైపులో ఇంకోటి దూరేట్టు మూతి పెద్దది చేసేది), వెల్డింగ్ సెట్టుతో బ్రేజింగ్ (మంటతో పైపు జాయింట్లు అతికేది), ఇవన్నీ రోజూ చేయించారు, చూసి రాసుకునేది కాదు. నా మొదటి 10, 12 ఫ్లేర్లు పగిలిపోయినాయి, సార్ ఒక్క మాట అనలా, పైపు ముక్క ఇంకోటి ఇచ్చి మళ్లీ చెయ్యి నాయనా అన్నాడు. ఈ రోజు నేను బ్రేజింగ్ చేసిన జాయింట్ లీక్ రాదంటే అది ఆయన చలవే. ఫ్రిజ్‌లో రిలే, ఓవర్‌లోడ్, థర్మోస్టాట్ చెక్ చేసేది, క్లాంప్ మీటర్‌తో కరెంటు ఎన్ని ఆంప్స్ లాగుతుందో చూసేది కూడా బాగా వొచ్చింది.

ఇంక లోటు సంగతి. బ్యాచ్‌లో 22 మందిమి, పైపుల్లో గాలీ తేమా లాగేసే వ్యాక్యూమ్ పంపు ఒక్కటే, అదీ చెడిపోయి మూలన పడి ఉండె. పంపు లేకపోయినా పర్లేదు, అవుట్‌డోర్ యూనిట్‌లో గ్యాస్ కొంచెం వదిలితే పైపుల్లో గాలి బయటికి పోద్ది అని నేర్పించారు. బయట ఫిట్టింగ్ చేసేవాళ్లు చానామంది అట్నే చేస్తా ఉండారు కాబట్టి మేము కూడా అదే పద్ధతి అనుకున్నాం. అది తప్పు అని నాకు తెలిసేసరికి ఒకళ్ల ఏసీ పోయింది. మైపాడు వైపు ఒక ఇంట్లో కొత్త స్ప్లిట్ బిగించా, వ్యాక్యూమ్ తియ్యలా, మరుసటి ఎండాకాలానికి కూలింగ్ తగ్గిపోయి కంప్రెసర్ పోయింది. ఆ ఇంటాయన రిటైర్డ్ టీచరు, కేకలెయ్యలా, ఏం చేశావో చెప్పు బాబూ అని అడిగాడంతే, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలా. పైపులో గాలీ తేమా ఉండిపోతే ఆ తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి యాసిడ్ అయి లోపల మోటారు వైండింగ్‌ని తినేస్తాది, ఇప్పటి ఏసీల్లో వాడే ఆయిల్ తేమని ఇంకా తొందరగా పీల్చుకుంటుంది, అందుకే పంపు పెట్టి మైక్రాన్ గేజ్‌లో 500 మైక్రాన్ల లోపలికి (అంటే లోపల గాలి దాదాపు లేనట్టే) దించి, పంపు ఆపినాక కూడా రీడింగ్ నిలబడుతుందా చూసి, అప్పుడు వాల్వు తెరవాలి. దానికి ముందు నైట్రోజన్ కొట్టి లీక్ చూడాలి. ఈ రెండూ మాకు చెప్పలా.

రెండోది, గ్యాసుల గురించి. మాకు మొత్తం ఆర్-22 మీదే, అంటే పాత ఏసీల్లో ఉండే కూలింగ్ గ్యాసు మీదే నేర్పించారు. ఆర్-22 లాంటివి 2030 కల్లా ఆపేయాలని మన దేశం ఒప్పుకుని ఉండాది, కొత్త ఇన్వర్టర్ ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 వస్తా ఉండాది. దాని ప్రెషర్ ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లు పైనే, పాత గేజులు, పాత హోసులు దానికి పనికిరావు, పైగా అది కొద్దిగా మండే గ్యాసు. ఆర్-290 అయితే ప్రొపేనే, వంట సిలిండర్‌కి దగ్గర చుట్టం. అది ఉన్న యూనిట్ దగ్గర గ్యాస్ పూర్తిగా తీయకుండా మంట వెలిగిస్తే ఏమయిద్దో మీరే ఊహించుకోండి. కంప్రెసర్ వేగం మార్చే ఇన్వర్టర్ బోర్డు గురించి అయితే క్లాసే లేదు. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే డీసీ కాసేపు ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగి మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి, ఇది తెలియక నాతో పనిచేసిన పిల్లోడు షాక్ తిని నిచ్చెన మీద నుంచి పడ్డాడు, దేవుడి దయ వల్ల చెయ్యి విరగడంతో పోయింది. సేఫ్టీ బెల్ట్ అనే మాట ఆ 3 నెలల్లో నేను ఒక్కసారి కూడా వినలా.

మూడోది ఉద్యోగం గ్యారంటీ. ఇచ్చింది ఒక షాపు ఫోన్ నంబరు. పోతే హెల్పర్‌గా 9 వేలు, పొద్దున 8కి పోతే రాత్రి 10. నేను ఆ షాపుని తప్పు పట్టట్లా, ఆడ ఉన్న సీనియర్ అన్న దగ్గరే అసలు పని నేర్చుకున్నా, వ్యాక్యూమ్ ఎందుకో చెప్పింది ఆ అన్నే. కానీ కోర్సు అయిపోగానే టెక్నీషియన్ జీతం అని చెప్పడం మోసం, ఏ సెంటరైనా సరే.

ఇంక ఈ లైనులో భవిష్యత్తు ఉందా అంటే, ఉండాది. నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లా, అగ్నికార్తె నుంచి రోహిణి దాకా ఫోన్ పెట్టేదానికి టైం ఉండదు. కష్టమంతా వానాకాలం నుంచి సంక్రాంతి దాకా, ఇళ్ల ఏసీలు మాత్రమే తెలిస్తే ఆ నెలల్లో సర్వీసింగ్ తప్ప పని దొరకదు, చానామంది ఆ టైంలోనే విసిగిపోయి వదిలేస్తారు. నేను రెండో ఏడాది ఆ కష్టం పడే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌కి మారా. ఆడ కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 కంటే కిందే ఉండాలి, ఎండైనా వానైనా ఆపేదానికి లేదు, పన్నెండు నెలలూ పనే. పెద్ద ప్లాంట్లలో అమ్మోనియా వాడతారు, అది కళ్లు, ఊపిరితిత్తులు కాల్చేస్తాది, మాస్కు లేకుండా వాల్వు జోలికి పోకూడదు, కానీ అది తెలిసినోడికి విలువ వేరు. ఇప్పుడు నాకు 24 వేలు, భోజనం వాళ్లదే. మన నెల్లూరు, ప్రకాశం సముద్రం పొడుగునా రొయ్యలే, మరి ఏసీ కోర్సులో దీని గురించి ఒక్క రోజైనా ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

తడ పక్కన శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీ ఫ్యాక్టరీలు ఉండాయి, ఫ్యాక్టరీల్లో ముందు అడిగేది ఐటీఐ, డిప్లొమా సర్టిఫికెట్టే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి కూడా రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ ట్రేడు ఐటీఐ పనికొస్తాది. నా 3 నెలల కాగితం ఆడ చెల్లదు. అందుకే టెన్త్ అయిపోయి వయసు చేతిలో ఉన్న పిల్లోళ్లు 2 ఏళ్ల ఐటీఐ చెయ్యండి, ఆ ట్రేడు మీ దగ్గర యాడ ఉందో కనుక్కుని కాస్త దూరమైనా పోండి. ఇంటి పరిస్థితి వల్ల 2 ఏళ్లు ఆగలేనోళ్లకి, కువైట్ పోవాలని తొందర ఉన్నోళ్లకి మాత్రమే ఈ చిన్న కోర్సు.

5కి నేను రెండున్నర ఇస్తా, ఆ రెండూ సార్ చేతి పనికి, అర హెల్పర్‌గానైనా దారి చూపినందుకు. చేరేవాళ్లు డబ్బులు కట్టే ముందు లోపలికి పోయి వ్యాక్యూమ్ పంపు ఆన్ చేసి చూపించమని అడగండి, ఆర్-32 ఏసీ మీద ప్రాక్టికల్ ఉందా, ఇన్వర్టర్ బోర్డు విప్పి చూపిస్తారా, బెల్టు ఉందా అడగండి, మాటలతో సరిపెడితే వెనక్కి వొచ్చేయండి. పోయిన నెల సార్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. కోప్పడలా. పంపు కొత్తది కొనేదానికి ఓనర్‌తో మాట్లాడతా, నువ్వు ఒక ఆదివారం వొచ్చి పిల్లోళ్లకి చూపిస్తావా అన్నాడు. నా గేజులు, నా పంపు పట్టుకుని పోతా ఉండా.